పర్సెంటు ఒక్కటే అడుగుతున్నాం: వికారాబాద్ జిల్లాలో ప్రత్యేక అవసరాల పిల్లల చదువు, తల్లిదండ్రుల మాట

వైకల్య శాతం తేల్చే సదరం క్యాంపు నుంచి బిడ్డను చంకనేసుకుని బయటికొచ్చిన తల్లిని ఎదురొచ్చినవాళ్లు అడిగే మొదటి మాట: "పర్సెంటు ఎంత పడ్డది?" నలభై పడితే చాలామందికి పింఛన్‌కు దారి దొరుకుతుంది. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం ఆరు నుంచి పద్దెనిమిదేళ్ల పిల్లలకు ఇచ్చిన ఉచిత విద్య హక్కుకూ అదే గీత. పిల్లగాడు ఏ బడికి పోవాలె, ఎట్ల పోవాలె, అక్కడ వాణ్ని ఎవరు చూస్తరు అన్నవి ఆ అంకెలో దొరకవు. వాటిని కుటుంబాన్ని అడిగే చోటు ఎక్కడుందన్నదే ఈ వ్యాసం వెతుకులాట.

చట్టంలో చోటు ఉంది. 2009 విద్యాహక్కు చట్టం 21వ సెక్షన్ ప్రకారం పాఠశాల యాజమాన్య కమిటీలో నాలుగింట మూడొంతుల మంది తల్లిదండ్రులో సంరక్షకులో కావాలి. సగం మంది మహిళలుండాలి. వెనుకబాటుకు గురైన వర్గాల పిల్లల తల్లిదండ్రులకు వాళ్ల నిష్పత్తిలో సభ్యత్వం ఇవ్వాలి. 2012 సవరణ వైకల్యమున్న పిల్లలను ఈ వర్గాల్లో చేర్చింది. చిక్కు అక్కడే మొదలైంది. ఎస్సీ, ఎస్టీ, బీసీ పిల్లలు ఆ జాబితాలో ముందునుంచీ ఉన్నారు. ఊళ్లోని సర్కారు బడికి వచ్చేది చాలావరకు ఆ ఇళ్ల పిల్లలే. కాబట్టి నడవలేని పిల్లవాడి తల్లి ఒక్కరూ లేకుండానే నిష్పత్తి సరిపోతుంది. నిబంధన ఎక్కడా తప్పలేదు, ఆమె మాత్రం గేటు బయటే ఉంది. 2024లో వచ్చిన అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలకు మహిళా పొదుపు సంఘాల గ్రామైక్య సంఘం అధ్యక్షురాలు నాయకత్వం వహిస్తారు. మంచినీళ్లు, మరుగుదొడ్లు, మరమ్మతుల పనులకు అది సరైన ఏర్పాటే. ఇలాంటి తల్లి మాట వినడానికి మాత్రం కాదు.

ఇక పిలిచే పద్ధతి చూద్దాం. తాండూరులో బండల పాలిషింగ్‌కు పోయే మనిషిని పనిరోజు పదకొండు గంటలకు బడికి రమ్మంటే ఆ రోజు కూలి పోయినట్టే. పట్టణంలో కొన్ని ఇళ్లు ఉర్దూవి, కర్ణాటకలోని సేడం వైపు బంధుత్వాలున్న ఇళ్లలో కన్నడ, తండాల్లో లంబాడీ. ఫారం తెలుగులో వస్తుంది. కాగితం మీద అడగడంలోని చిక్కు ఇక్కడిదే కాదు. ఇంగ్లాండులో 2014 నాటి పిల్లలు, కుటుంబాల చట్టం 19వ సెక్షన్ పిల్లల, తల్లిదండ్రుల అభిప్రాయాలను, కోరికలను పట్టించుకోవడం స్థానిక సంస్థల విధి అంది; 2022లో ప్రత్యేక అవసరాల విద్యా సంస్కరణల మీద గ్రీన్ పేపర్ (చర్చా పత్రం) వేసి దేశమంతటినీ అడిగారు. రాసి పంపగలిగినవాళ్ల మాట అలాంటి చోట ముందు చేరుతుంది. ఆ లోపాన్ని మనం దిగుమతి చేసుకోనక్కర్లేదు.

నిజానికి ఈ తల్లులు నోరు విప్పే చోటు ఒకటుంది: ప్రత్యేక అవసరాల పిల్లలకు చదువు, ఫిజియోథెరపీ అందే భవిత కేంద్రం వరండా. ఫిజియోథెరపిస్టు పిల్లవాడి మోకాలు మెల్లగా వంచి, ఇంట్లో రోజూ ఎన్నిసార్లు చేస్తున్నావమ్మా అని అడిగితే చాలు, మాట మొదలవుతుంది. వంట, కూలి, చంటిపిల్ల, తండాకు రాని ఆటో, అన్నీ అందులోనే వస్తాయి. పాఠశాల విద్యా పథకమైన సమగ్ర శిక్షలో రవాణా భత్యం, ఎస్కార్ట్ భత్యం ఉన్నాయి. 2016 చట్టం 16వ సెక్షన్ మాత్రం రవాణా సౌకర్యమే కల్పించాలంటుంది, ఎక్కువ సాయం కావాల్సిన పిల్లల వెంట వచ్చే మనిషికి కూడా. భత్యం ఖాతాలో పడుతుంది, ఆటో తండాకు రాదు. డబ్బుకూ బండికీ మధ్య ఉన్న ఈ తేడా లెక్కల పట్టికలో కనిపించేది కాదు. బిడ్డను మోసే మనిషిని అడిగితేనే బయటపడుతుంది. ప్రత్యేక ఉపాధ్యాయుల సంగతీ అంతే. ప్రాథమిక స్థాయిలో పదిమంది పిల్లలకు ఒకరు, ఆపై తరగతుల్లో పదిహేనుమందికి ఒకరు ఉండాలని సుప్రీంకోర్టు 2021 అక్టోబరు 28న చెప్పింది. ఆ ఒక్కరు ఏ బడిలో కూర్చుంటే ఎక్కువమంది పిల్లలకు దగ్గరవుతారో చెప్పగలిగింది కుటుంబాలే.

అందుకే నా ప్రతిపాదన చిన్నది. తల్లిని కమిటీ దగ్గరికి పిలవడం మాని, ఫిజియోథెరపీ ఉన్న రోజునే యాజమాన్య కమిటీ నుంచి ఇద్దరు భవిత కేంద్రానికి రావాలి. అక్కడి ఐఈఆర్పీ (సమ్మిళిత విద్య రిసోర్స్ పర్సన్) తల్లి మాట రాసుకోవాలి, రాసింది ఆమె భాషలో చదివి వినిపించాకే సంతకమో వేలిముద్రో తీసుకోవాలి. ఇంటివద్ద చదువుకునే పిల్లల విషయంలో ఆ పని వాళ్లింట్లోనే జరగాలి. విద్యాహక్కు చట్టం 22వ సెక్షన్ కింద కమిటీ తయారుచేసే పాఠశాల అభివృద్ధి ప్రణాళికకు ఆ కాగితాలను జతచేసి, ఏ కోరిక ఎందుకు తీరలేదో పక్కనే రాసి, ఆ తల్లికో ప్రతి ఇవ్వాలి.