ఊపిరిని చూశారు, గుండెను వదిలేశారు

దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ క్లాసులో మూడు మాటలు బోర్డు మీద రాస్తాను: స్వతంత్ర చరం, పరతంత్ర చరం, సప్రమాణత. డీఎస్సీ రాసే పిల్లలు గబగబా నోట్సులోకి ఎక్కించుకుంటారు. నా మనసు మాత్రం ఎల్బీనగర్ నుంచి వచ్చే మెట్రో ఎక్కి, కోఠిలో ఉస్మానియా మెడికల్ కాలేజీ స్టేషన్లో దిగిపోతుంది.

1846లో హైదరాబాద్ మెడికల్ స్కూలుగా పుట్టింది ఆ కాలేజీయే. 1880లలో దాన్ని నడిపినవాడు రెసిడెన్సీ సర్జన్ ఎడ్వర్డ్ లౌరీ. అప్పటికి నలభై ఏళ్లుగా వైద్యుల్ని ఒక ప్రశ్న వేధిస్తోంది. 1848లో ఇంగ్లండులో హన్నా గ్రీనర్ అనే పదిహేనేళ్ల పిల్ల కాలి గోరు తీయించుకోవడానికి వచ్చి, క్లోరోఫాం అనే మత్తుమందు పీల్చిన కొద్ది నిమిషాలకే పోయింది. తర్వాత మరెందరో అలాగే పోయారు. ముందు ఆగేది గుండా, ఊపిరా?

ఊపిరే అన్నాడు లౌరీ. 1888లో హైదరాబాద్‌లో దీన్ని పరీక్షించిన మొదటి క్లోరోఫాం కమిషన్ అదే తేల్చింది. లండన్ నమ్మలేదు. రెండో కమిషన్ కోసం ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ వెయ్యి పౌండ్లు ఇచ్చాడు. 1889లో లాన్సెట్ వైద్య పత్రిక తరఫున వైద్యుడు లాడర్ బ్రంటన్ హైదరాబాద్ వచ్చాడు. కుక్కలు, కోతులు, మేకలు, కుందేళ్లు కలిపి 400కు పైగా ప్రాణులు ప్రయోగాల బల్ల ఎక్కాయి. మసి పట్టిన కాగితం చుట్టిన డ్రమ్ము తిరుగుతుంటే, రక్తపోటును ముల్లు సన్నటి తెల్లగీతగా గీసేది. క్లోరోఫాం పెరిగేకొద్దీ గీత కిందికి జారేది. ముందు ఊపిరి, ఆ వెనుకే గుండె. గుండే ముందు ఆగుతుందని నమ్మి వచ్చిన బ్రంటన్ కూడా మనసు మార్చుకున్నాడు. ఊపిరిని కనిపెట్టుకుని ఉంటే చాలు, నాడి చూడనక్కర్లేదని హైదరాబాద్ లోకానికి చాటింది.

ఆ వైభవం నిలవలేదు. 1911లో వైద్యుడు గుడ్‌మన్ లెవీ పిల్లుల మీద చేసిన పనితో అది కూలింది. క్లోరోఫాం తక్కువగా ఉండి, భయం లాంటివాటి వల్ల ఒంట్లో అడ్రినలిన్ ఎగసినప్పుడు గుండె లయ తప్పి, గిలగిలా వణికి, ఉన్నపళంగా ఆగిపోతుంది. లౌరీ అప్పటికి బతికే ఉన్నాడు. 1915లో కన్నుమూశాడు.

ఆ తెల్లగీతలు అబద్ధం చెప్పలేదు. మోతాదు స్వతంత్ర చరం, ఊపిరీ గుండే పరతంత్ర చరాలు. మోతాదు మించితే ఏమవుతుందో అవి నిజమే చెప్పాయి. కానీ ఆపరేషన్ బల్ల మీద మనిషి పోతున్నది మోతాదు మించినప్పుడే కాదు, మత్తు పూర్తిగా ఎక్కకముందు కూడా. బల్ల మీది కుక్క నుంచి భయంతో వణికే మనిషి దాకా ఆ నిజం నడవలేకపోయింది. బాహ్య సప్రమాణత అంటే పిల్లలకు నేను చెప్పే అర్థం అదే. నాడి వదిలేయమన్న మాట నమ్మిన చేతుల కింద ఎందరి గుండెలు ఆగాయో తలచుకుంటే నాకు గొంతు పెగలదు.

హన్నా చావుకు అసలు కారణం మీద వాదం ఇప్పటికీ తెగలేదు. కానీ ఆపరేషన్ అంటే ఆ పిల్ల ఎంతో భయపడిందని, కుమిలిపోయిందని ఆనాటి వైద్యుడే రాసిపెట్టాడు. నలభై ఏళ్లుగా కళ్లెదుటే ఉన్న ఆ భయాన్ని హైదరాబాద్ బల్ల దగ్గర ఎవరూ ఒక చరంగా రాసుకోలేదు.