రోగికిని వైద్యునికిని నడుమ మూడవవాడు



నేను కాపురముండు రహమత్ నగర్ హైదరాబాదులో జూబిలీ హిల్సు కొండకు దిగువనున్నది. కొండమీద చలనచిత్ర తారల మేడలు. క్రింద, ఆ చిత్రములకు దీపములు మోయువారును, దుస్తులు కుట్టువారును, వంటలు వండువారును తలదాచుకొను ఇరుకు వీధులు. 2009వ సంవత్సరమున ఒక సాయంకాలము మా వీధిలోని లైటు పనివాని కుమారుడు ఆసుపత్రి కాగితమొకటి చేతబట్టుకొని మా యింటికి వచ్చెను. తండ్రికి గుండెనొప్పి వచ్చినది. ఆసుపత్రిలో చేర్చి రెండు దినములైనది. "అనుమతి రావాలంటున్నారు సార్. నాయనను చూసిన డాక్టరేమో చికిత్స చెయ్యాలన్నాడు. చూడని డాక్టరు అనుమతి ఎందుకు?" అని అతడు నన్నడిగెను.

ఆ ప్రశ్నకు ఆనాడు నేను చెప్పిన సమాధానము నాకే తృప్తి నీయలేదు. నేటి ప్రసంగమున దానినే మరల చెప్ప యత్నింతును.

పూర్వము వైద్యమనునది ఇద్దరి నడుమ వ్యవహారము. రోగి బాధ చెప్పుకొనును. వైద్యుడు నాడి చూచి మందిచ్చును. ఇచ్చుకొనగలిగినది రోగి ఇచ్చుకొనును. ఈ ఇద్దరి నడుమకు మూడవవాడొకడు ధనసంచితో వచ్చుట 1883లో జర్మనీ దేశమున ఆరంభమైనది. బిస్మార్కు ప్రభుత్వము పనివారి వ్యాధులకు బీమా చట్టము చేసెను. మన దేశమున అదార్కరుగారు 1944లో కర్మాగారపు కార్మికుల కిట్టి బీమా యుండవలెనని నివేదిక వ్రాసిరి. 1948లో ఉద్యోగుల రాజ్య బీమా చట్టము పుట్టెను. 1952లో కాన్పూరు, ఢిల్లీ నగరములలో అమలునకు వచ్చెను. మా పేటకు సమీపముననే సనత్ నగర్ లో ఆ బీమావారి పెద్ద ఆసుపత్రి కలదు. కాని ఆ నీడ నెలజీతపు కార్మికునికే గాని, ఈ దినము పని దొరకి రేపు దొరకని కూలివానికి చాలవరకు అందలేదు. వ్యవసాయదారుని మాట చెప్పనక్కరయే లేదు. ఊరిలో పెద్ద జబ్బు వచ్చినచో అరయెకరము అమ్ముట, లేదా ముఖ్యమంత్రిగారికి అర్జీ పెట్టుట. ఈ రెండే మార్గములని మీరెరుగుదురు.

ఆ అర్జీలనుండియే ఆరోగ్యశ్రీ పుట్టినది. సహాయనిధికై వచ్చు విన్నపములలో ప్రాణాంతక వ్యాధులవారివే మిక్కుటమగుచుండెను. నాటి ముఖ్యమంత్రి వై. ఎస్. రాజశేఖరరెడ్డిగారు స్వయముగా వైద్యులు. ఒక్కొక్కరికి దయదలచి యిచ్చుటకు బదులు అందరికిని హక్కుగా నేర్పరుపవలెనను తలంపుతో 2007 ఏప్రిల్ 1వ తేదీన మహబూబ్ నగర్, అనంతపురము, శ్రీకాకుళము జిల్లాలలో ఆ పథకమును ఆరంభించిరి. మరుసటి సంవత్సరమునకు అది రాష్ట్రమంతటను వ్యాపించెను. తెల్లకార్డు గల కుటుంబమునకు సంవత్సరమునకు లక్షన్నర రూపాయలు, అది చాలనిచో మరి యేబదివేలు. మొదట ఒక బీమా సంస్థ ఈ భారము వహించెను. పిదప ప్రభుత్వము స్థాపించిన ట్రస్టే చాలభాగము నడిపెను. ఆ మొత్తము క్రమముగా పెరిగి 2023 డిసెంబరులో తెలంగాణములో పదిలక్షలైనది.

ధనమిచ్చువాడు లెక్క యడుగును గదా! అందుచే రెండు పద్ధతులు వచ్చినవి. మొదటిది, ముందు అనుమతి. రోగిని పరీక్షించిన కాగితములు, గుండె నాళముల చిత్రములు ఆసుపత్రివారు ట్రస్టునకు పంపవలెను. అచ్చటి వైద్యులు చూచి, చేయదలచిన చికిత్స ఆ వ్యాధికి తగినదేనా యని విచారించి సమ్మతింతురు. అత్యవసరమైనచో టెలిఫోనులోనే అనుమతి యీయవచ్చును. రెండవది, గుత్తవెల. చేరిన దినము మొదలు ఇంటికి పోవువరకు, ఆపైన పదిదినముల మందులతోసహా, ఇంత సొమ్మని ఒక్కొక్క చికిత్సకు నిర్ణయించిరి. దీనిని ప్యాకేజి యందురు. మన ఊళ్లలో బావి త్రవ్వుటకు గుత్త మాటలాడుకొనునట్లే. దినకూలి యిచ్చిన పని సాగును. గుత్తకిచ్చిన పని త్వరపడును. ఆసుపత్రి విషయమునను మనుష్యస్వభావ మంతియే. కూలిపద్ధతిలో అక్కరలేని పరీక్షలు పెరుగును. గుత్తపద్ధతిలో రోగిని ఒకదినము ముందుగా ఇంటికి పంపు తొందర పుట్టును. ఈ రెంటిలో దోషము లేనిది నేనింకను చూడలేదు.

జాబితాలో నున్న జబ్బు, లేని జబ్బు అను భేదము కూడ వచ్చెను. గుండె కోతకు సొమ్ము కలదు. ఆ గుండెను చెరచు రక్తపుపోటునకు ప్రతిదినము మ్రింగవలసిన బిళ్లకు లేదు. మోకాలి కీలు మార్చుట ఆది నిబంధనలలో స్పష్టముగా తొలగింపబడినది. ఒక వృద్ధురాలు నాతో, "నాకు గుండెజబ్బయినా రాలేదు నాయనా, కార్డుకు పనికివచ్చేది" అని నవ్వుచు చెప్పినది. ఆమె నవ్వినను నాకు నవ్వు రాలేదు.

లైటు పనివాని సంగతి చెప్పి ముందునకు సాగెదను. ఆసుపత్రివారు మూడు స్టెంటులు వేయుదుమని వ్రాసియుండిరి. చిత్రములో ఇరుకైన చోట్లు రెండే కనబడుచున్నవని ప్రశ్న వచ్చినదట. రెండింటికే అనుమతి లభించెను, రెండే వేసిరి. అతడు కోలుకొని మరి తొమ్మిది సంవత్సరములు దీపములు మోసెను. ఆ చూడని వైద్యుడు అతనికి మేలే చేసినాడు. కాని ఆ రెండు దినములు కుమారుడు పడిన ఆందోళన కూడ అబద్ధము కాదు. 1974లో అక్కినేని నాగేశ్వరరావుగారంతటివారు గుండె శస్త్రచికిత్సకై అమెరికా పోవలసివచ్చెను. తిరిగివచ్చి వారు నెలకొల్పిన అన్నపూర్ణా స్టూడియోలో దీపములు మోసినవానికి, ముప్పదియైదేండ్లకు, తెల్లకార్డుమీద ఈ నగరముననే గుండెకు చికిత్స జరిగెను. ఇది చిన్న మార్పు కాదు.

ఇక, ఏ వ్యాధికి ఏది తగినదని చెప్పు నియమములు ఎక్కడనుండి వచ్చును? అవి మాత్రము తప్పవా? దీనికి మన హైదరాబాదులోనే ఒక గొప్ప కథ కలదు.

నూరేండ్లకు పైబడిన మాట. కోతకుముందు క్లోరోఫారము వాసన చూపి స్పృహ తప్పించెడివారు. అప్పుడప్పుడు రోగి బల్లమీదనే చనిపోయెడివాడు. కారణమేమి? ఊపిరి ముందుగా ఆగుచున్నదా, గుండెయా? ఇచ్చటి వైద్యపాఠశాల కధిపతియైన ఎడ్వర్డు లారీ ఊపిరియే ముందాగునని నమ్మినవాడు. ఆయన కోరికపై ఆరవ నిజాము మహబూబ్ అలీఖాను 1888లో ఒక విచారణసంఘమును నియమించెను. దాని తీర్పును లండనులోని లాన్సెట్ అను వైద్యపత్రిక అంగీకరింపలేదు. అంతట నిజాము వేయి పౌనులిచ్చి, మీవారినే పంపుడని కోరెను. లాడర్ బ్రంటన్ అను పండితుడు వచ్చెను. 1889లో వందలకొలది కుక్కలమీదను కోతులమీదను పరీక్షలు జరిపిరి. వచ్చిన పండితుడును లారీ పక్షమే వహించెను. ఊపిరిని కనిపెట్టియుండిన చాలును, నాడిని చూడ నక్కరలేదని నియమ మేర్పడెను.

నియమములో సగమే నిజము. ఊపిరిని కనిపెట్టుమనుట మంచిమాట; దానివలన ప్రాణములు దక్కియుండును. కాని 1911లో లెవీ అను ఆంగ్లేయ వైద్యుడు, క్లోరోఫారము కొలదిగా ఇచ్చినప్పుడు సైతము గుండె అకస్మాత్తుగా ఆగిపోగలదని నిరూపించెను. నిజాము సొమ్ము, ఇంగ్లండు పాండిత్యము, వందల పరీక్షలు గల నియమము ఇరువదిరెండేండ్లకు సవరింపబడెను. తరువాత ఆ క్లోరోఫారమే వాడుక తప్పెను. అందుచే వైద్యనియమము శిలాశాసనము కాదు, పంచాంగమువంటిది. సరిచూచి మరల వ్రాయవలసినది. అట్లని పంచాంగమే లేక ముహూర్తము పెట్టువానిని మీరు నమ్ముదురా?

నియమము లేనిచోట నేమగునో మన స్త్రీల గర్భసంచుల విషయమున చూచితిమి. తెల్లబట్ట యన్నను, నడుమునొప్పి యన్నను గర్భసంచి తీసివేయుట తెలుగు జిల్లాలలో మితిమీరినది. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, పదునైదు మొదలు నలువదితొమ్మిదేండ్ల లోపు స్త్రీలలో గర్భసంచి తీయించుకొన్నవారు దేశమున నూటికి 3.2 మంది, తెలంగాణములో 7.7, ఆంధ్రప్రదేశములో 8.9. ఈ కోతలలో మూడింట రెండువంతులు ప్రైవేటు ఆసుపత్రులలో జరిగినవి. ఇదంతయు బీమావలన వచ్చిన దనుట న్యాయము కాదు. అప్పుచేసి చేయించుకొన్నవారును అనేకులు. అయినను, కోతకు సొమ్ము కలిగి, కోత అక్కరలేదని చెప్పినందుకు సొమ్ము లేనప్పుడు, త్రాసు ఏ ప్రక్కకు మొగ్గునో తెలియుటకు చదువక్కరలేదు. ఈ అక్రమమును అరికట్టుటకై కేంద్రప్రభుత్వము 2022లో నియమములు వ్రాసెను. మూడు నెలలలో వానిని అమలునకు తీసికొనిరావలెనని 2023 ఏప్రిలులో సుప్రీముకోర్టు రాష్ట్రముల నాజ్ఞాపించెను.

మా పిన్నమ్మ మహబూబ్ నగర్ జిల్లాలో సేద్యము చేసికొను మనిషి. ఆమెకు ముప్పదియెనిమిదేండ్ల వయస్సున ఒక పట్టణపు ఆసుపత్రిలో, గర్భసంచి తీయనిచో క్యాన్సరు వచ్చునని భయపెట్టిరి. ఇరువదివేలకు గడువు రెండు దినములు. ఆమె నాకు కబురు పంపినది. నేనామెను ఇచ్చటికి రప్పించి ప్రభుత్వాసుపత్రికి కొనిపోతిని. అచ్చటి డాక్టరమ్మ ఎదుట నేను మూడు మాటలడిగితిని: జబ్బు పేరేమి, మందుతో నయమగునా, కోసినపిదప ఏమి నష్టము? ఆమె విసుగుకొనక ఓపికతో చెప్పినది. స్రావమును పరీక్షించి పుండు కాదనియు, వాపు మాత్రమేననియు తేల్చి, రెండువారములకు బిళ్లలు వ్రాసినది.

పిన్నమ్మ ఆ చీటీని మడతపెట్టి తెల్లకార్డుతోబాటు రేకుపెట్టెలో దాచుకొన్నది. వాడలో ఎవరికైన ఆసుపత్రివారు కోతమాట చెప్పినచో, ఆ చీటీ తీసి చూపి, మొదట హైదరాబాదు పోయి రండని ఆమెయే పంపుచున్నది. గత సంక్రాంతికి ఆమె చెప్పిన లెక్క ప్రకారము, అట్లు వచ్చిన నలుగురిలో ముగ్గురు కోత లేకయే తిరిగిపోయిరి. నాలుగవ ఆమెకు నిజముగానే కోత అవసరమైనది, చేయించుకొని కుదుటపడినది.