మీటరు ఇవతలి పని

1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రానికి రాజధాని అయిన కర్నూలులో సరిపడా భవనాలు లేక చాలా ప్రభుత్వ కార్యాలయాలు గుడారాల్లో నడిచాయి. మూడేళ్లకు రాజధాని హైదరాబాదుకు తరలిపోయింది. అదే 1956లో భారత విద్యుత్ నియమావళి అమల్లోకి వచ్చింది. బల్బు, ఫ్యూజు, స్విచ్చు మార్చుకోవడం లాంటి చిన్న పనులు ఎవరైనా చేసుకోవచ్చు. కొత్త వైరింగు వేయాలన్నా, పాతది పెంచాలన్నా లైసెన్సున్న కాంట్రాక్టరుతోనే చేయించాలని ఆ నియమావళిలోని 45వ నియమం చెప్పింది. పనిచేసే మనిషికి పర్మిటు, పైన చూసే సూపర్‌వైజరుకు అర్హతపత్రం తప్పనిసరి.

1957లో తుంగభద్ర ఆనకట్ట దగ్గర జలవిద్యుత్ మొదలైంది. 1959లో రాష్ట్ర విద్యుత్ బోర్డు ఏర్పడింది. కరెంటు రాయలసీమ మట్టిమిద్దెల్లోకీ, కడప బండలు పరిచిన ఇళ్లలోకీ మెల్లగా వచ్చింది. గోడల మీద టేకు పట్టీలు కొట్టి, వాటిమీద క్లిప్పులతో వైరు బిగించేవారు. ఈ పనిని కొందరు ఐటీఐల్లో, మరికొందరు పెద్ద వైర్‌మ్యాన్ వెంట తిరిగి నేర్చుకున్నారు.

సీమలో ఈ పనికి అసలు పరీక్ష నేలలోనే ఉంది. తడి ఉన్న మట్టిలో కరెంటు సులువుగా పారుతుంది, ఎండిన మట్టి దాన్ని అడ్డుకుంటుంది. ఎక్కడైనా లీకైన కరెంటు నేలలోకి పోకపోతే ఫ్యూజు కాలదు, గ్రైండరు ఒంటిమీదే కాచుకుని ఉంటుంది. అందుకే ఎర్తు కోసం గొయ్యి తవ్వి, దాదాపు రెండున్నర మీటర్ల జీఐ పైపు నిలబెట్టి, చుట్టూ బొగ్గు, ఉప్పు పొరలుగా నింపుతారు. నడివేసవిలో ఆ గొయ్యికి నీళ్లు పోయాలి. తాగేనీళ్లకే బిందెలు వరస కట్టే ఊళ్లలో ఈ మాట ఇంటివాళ్లతో ఒప్పించడం కూడా వైర్‌మ్యాన్ పనే.

ఆ తర్వాతి దశాబ్దాల్లో పట్టీలు పోయి గోడల్లోపల పీవీసీ పైపులు వచ్చాయి. రెండు బల్బులు, ఒక ఫ్యాను కోసం వేసిన సన్నటి వైరు మీదనే మోటారు, ఫ్రిజ్, ఏసీ పడ్డాయి. ఇల్లు మారినా నియమం మారలేదు గానీ, చాలాచోట్ల సంతకం ఒకరిది, పని ఇంకొకరిది అయింది. కొత్త కనెక్షనుకు ఇచ్చే పత్రం మీద లైసెన్సు నంబరు ఉంటుంది, గోడలో వైరు లాగిన మనిషికి మాత్రం పర్మిటు ఉండదు. ఇది ప్రాణాలతో ముడిపడిన లోపం.

ముద్దనూరు దగ్గరి రాయలసీమ థర్మల్ కేంద్రం 1994 నుంచి కరెంటు ఇస్తోంది. ఓర్వకల్లు వైపు 1000 మెగావాట్ల సౌర పార్కు 2017లో పూర్తయింది. ఇంత కరెంటు పుట్టే నేల మీద కూడా మీటరు ఇవతల భద్రత ఇంటి యజమానిదే.

1956 నియమావళి స్థానంలో 2010లో కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ భద్రతా నిబంధనలు వచ్చాయి, 2023లో వాటినీ మార్చారు. లైసెన్సు షరతు నిలిచింది. వైరింగు పూర్తయ్యాక 500 వోల్టులతో నిమిషంపాటు మెగ్గర్ (ఇన్సులేషన్) పరీక్ష చేసి, కనీసం 1 మెగోమ్ చూపించమని అడగడం ఇంటివారి హక్కు. పర్మిటు చూపించమనడం, ఎర్తు గొయ్యి పూడ్చేటప్పుడు పక్కన నిలబడడం, కరెంటు లీకైతే సరఫరా ఆపే 30 మిల్లీయాంపుల ఆర్‌సీసీబీ పెట్టించడం అంతకు ముందే జరగాలి. రాయలసీమలో పని ఒప్పుకున్న రోజే ఈ నాలుగూ కాగితం మీద రాయించుకోవాలి.