ఎముకలోని జెయింట్ సెల్ కణితికి మందు చికిత్స: ద్వీపవాసులు తెలుసుకోవలసినవి

ఎముకలో పుట్టే కణితులన్నీ క్యాన్సర్లు కావు. అటువంటి వాటిలో జెయింట్ సెల్ ట్యూమర్ ఒకటి. ఇది సాధారణంగా ప్రాణాంతకం కాకపోయినా, పుట్టినచోట ఎముకను తొలిచివేస్తుంది. అరుదుగా ఊపిరితిత్తులకూ పాకుతుంది. 20 నుంచి 40 ఏళ్ల వయసువారిలో ఎక్కువగా కనిపిస్తుంది. మోకాలి వద్ద తొడ ఎముక చివర, కాలి ఎముక పైభాగం, మణికట్టు దీనికి ప్రధాన స్థానాలు. ప్రాథమిక ఎముక కణితుల్లో దీని వాటా పాశ్చాత్య దేశాల్లో సుమారు 5 శాతం కాగా, ఆసియా దేశాల్లో 20 శాతం వరకు ఉన్నట్లు వైద్య గ్రంథాలు పేర్కొంటున్నాయి.

మందు పనిచేసే తీరు

ఈ వ్యాధికి ప్రధాన చికిత్స శస్త్రచికిత్సే. కణితిని గీకి తొలగించి, ఏర్పడిన ఖాళీని ఎముక సిమెంటుతో గాని, ఎముక ముక్కలతో గాని నింపుతారు. వెన్నెముక, త్రికాస్థి వంటి చోట్ల శస్త్రచికిత్స సాధ్యం కాకపోయినా, చేస్తే అవయవానికి తీవ్ర నష్టం కలిగే అవకాశం ఉన్నా డెనోసుమాబ్ అనే ఇంజెక్షన్‌ను వాడతారు.

కణితిలోని అసలు కణాలు ర్యాంక్ లైగాండ్ అనే ప్రోటీన్‌ను విడుదల చేస్తాయి. దాని ప్రేరణతో రూపొందే పెద్ద కణాలే ఎముకను కరిగిస్తాయి. డెనోసుమాబ్ ఆ ప్రోటీన్‌ను అడ్డుకుంటుంది. పెద్ద కణాలు అంతరించి, వాటి స్థానంలో కొత్త ఎముక ఏర్పడుతుంది. 2010లో ప్రచురితమైన అధ్యయనంలో ఫలితాన్ని అంచనా వేయగలిగిన 35 మంది రోగుల్లో 30 మందికి కణితి స్పందించింది. 2013 జూన్‌లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఈ వ్యాధికి దీనిని అనుమతించింది.

నాలుగు వారాలకొకసారి 120 మిల్లీగ్రాములను చర్మం కింద ఇస్తారు. మొదటి నెలలో 8వ రోజున, 15వ రోజున అదనపు మోతాదులు ఉంటాయి. ఎముకల బలహీనతకు ఆరు నెలలకొకసారి ఇచ్చే 60 మిల్లీగ్రాముల ఇంజెక్షన్‌లోనూ ఇదే మందు ఉంటుంది. ఆ మోతాదు ఈ వ్యాధికి సరిపోదు.

పరిమితులు, జాగ్రత్తలు

మందు వల్ల కణితి అణగినా, దాని అసలు కణాలు పూర్తిగా నశించవు. ఆపితే వ్యాధి తిరగబెట్టవచ్చు. మందు వాడిన తరువాత గీకి తొలగించిన సందర్భాల్లో కణితి మళ్లీ రావడం ఎక్కువగా ఉన్నట్లు కొన్ని పరిశీలనలు చెబుతున్నాయి. కనుక ఎప్పుడు మొదలుపెట్టాలో, ఎప్పుడు ఆపాలో శస్త్రచికిత్స నిపుణులతో కలిసి నిర్ణయించాలి.

రక్తంలో కాల్షియం పడిపోవడం ముఖ్యమైన దుష్ప్రభావం. తిమ్మిర్లు, కండరాలు పట్టేయడం కనిపిస్తే వెంటనే వైద్యులకు తెలపాలి. దవడ ఎముక దెబ్బతినే ప్రమాదం ఉన్నందున చికిత్సకు ముందే దంత పరీక్ష అవసరం. గర్భిణులకు ఈ మందు తగదు. చికిత్సకు ముందు రక్తంలో కాల్షియం, పారాథైరాయిడ్ హార్మోన్ పరీక్షలు కూడా కీలకం. ఆ గ్రంథి అతిగా పనిచేయడం వల్ల వచ్చే బ్రౌన్ ట్యూమర్ సూక్ష్మదర్శిని కింద ఇలాగే కనిపిస్తుంది. దాని చికిత్స వేరు.

దూరమే అసలు సమస్య

అండమాన్ నికోబార్ దీవుల్లో 2011 జనాభా లెక్కల ప్రకారం తెలుగు మాతృభాషగా గలవారు సుమారు 13 శాతం. పోర్ట్ బ్లెయిర్‌కు 2024లో శ్రీ విజయపురం అని పేరు మార్చారు. అక్కడి జి.బి. పంత్ ఆసుపత్రి దీవులకు ప్రధాన వైద్య కేంద్రం. చెన్నై అక్కడి నుంచి సుమారు 1,360 కిలోమీటర్ల దూరంలో ఉంది. ఓడ ప్రయాణానికి దాదాపు మూడు రోజులు పడుతుంది. గ్రేట్ నికోబార్‌లోని క్యాంప్‌బెల్ బే వాసులు ముందుగా శ్రీ విజయపురం చేరడానికే 500 కిలోమీటర్లకు పైగా సముద్ర ప్రయాణం చేయాలి.

మందు నెలనెలా అవసరం. దానిని 2 నుంచి 8 డిగ్రీల చల్లదనంలో భద్రపరచాలి. అందువల్ల ప్రధాన భూభాగంలో రోగనిర్ధారణ, చికిత్స ప్రణాళిక పూర్తయ్యాక, తదుపరి ఇంజెక్షన్లు, రక్త పరీక్షలు దీవుల్లోనే జరిపే వీలుందేమో వైద్యులను ముందే అడగడం మేలు. రోగి తన ఎక్స్‌రే, ఎంఆర్ఐ చిత్రాలను, బయాప్సీ నివేదికను, ఇచ్చిన మోతాదుల తేదీలను వెంట ఉంచుకోవాలి.

కీలు వద్ద నొప్పి లేదా వాపు కొన్ని వారాలైనా తగ్గకపోతే, ప్రత్యేకించి రాత్రివేళ బాధిస్తే, మర్దనలతో కాలయాపన చేయరాదు. ఒక ఎక్స్‌రే తీయిస్తే చాలావరకు అనుమానం తేలుతుంది. ఎముక విరగకముందే గుర్తిస్తే కీలును నిలుపుకొనే అవకాశం ఎక్కువ.