వైనతేయ దాటొచ్చిన నీళ్లు

2022 అక్టోబరులో ఆస్ట్రేలియాలోని అడిలైడ్‌లో, అంతర్జాతీయ నీటిపారుదల, మురుగుపారుదల కమిషన్ మన ధవళేశ్వరం కాటన్ బ్యారేజీని ప్రపంచ వారసత్వ సాగునీటి కట్టడంగా గుర్తించింది. నూరేళ్లు దాటిన కట్టడాలకే ఆ గౌరవం. రాజోలు వైపు శివారు రైతుని కాబట్టి, ఆ వార్త వినగానే నాకు ముందు గన్నవరం అక్విడక్టు గుర్తొచ్చింది.

ఆనకట్ట లేని రోజుల్లో గోదారి పక్కనే ఉండి కూడా జనం తిండిలేక పోయారు. 1832-33లో కరువు, 1839లో ఉప్పెన. 1821లో 7.38 లక్షలున్న రాజమండ్రి జిల్లా జనాభా 1841కి 5.61 లక్షలకు పడిపోయింది. 1847లో పని మొదలుపెట్టిన కాటన్ దొర, వీణెం వీరన్న గారి తోడుతో, 1852కల్లా నాలుగు పాయల మీద ఆనకట్ట నిలబెట్టారు.

బొబ్బర్లంక దగ్గర మొదలైన కాలువ లొల్ల లాకులు దాటి దిగువకు వస్తుంది. మా నగరం లంకకి మాత్రం గోదారి పాయ వైనతేయ అడ్డం. హేగ్ అనే ఇంజనీరు 49 కమానులు కట్టించి, నది మీద కాలువను నడిపించారు. అదే గన్నవరం అక్విడక్టు. పైన మా చేలకు వెళ్లే నీళ్లు, కింద సముద్రానికి వెళ్లే ఏరు. తర్వాత పక్కనే కట్టిన కొత్త అక్విడక్టుకు లంకల గన్నవరం అన్నదాత డొక్కా సీతమ్మ గారి పేరు పెట్టారు. అంతకంటే తగిన పేరు ఇంకేముంటుంది!

నీళ్లు తేవడం అంత గొప్పగా జరిగింది. దించడమే జరగడం లేదు. అక్టోబరు వాయుగుండానికి పడిపోయిన చేను నాలుగు రోజులు నీళ్లలో నానితే, కంకి మీదే గింజ మొలకెత్తుతుంది. వేళ్లతో నలిపితే తెల్లటి మొలక చేతికంటుతుంది. ఆ ధాన్యం ఏ మిల్లు కొంటుంది? ఈ ముంపుతోనూ, గిట్టుబాటు లేకా 2011లో కోనసీమ రైతులు క్రాప్ హాలిడే ప్రకటించారు. దేశమంతా ఆశ్చర్యపోయింది. బ్యారేజీకి గుర్తింపు వచ్చిన 2022లోనే సార్వాకు మళ్లీ కొన్ని మండలాల్లో అదే మాట వినిపించింది.

ఆ గుర్తింపు మనకు దక్కాల్సిందే. దాంతోపాటు కౌశిక డ్రెయినులో గుర్రపుడెక్క తీయించాలి, మురుగు కాలువల మొగలు తవ్వించాలి. అదీ వేసవిలో కాలువలు కట్టేసినప్పుడే, నారుమళ్లు పోయకముందే.