పిలాటీస్ వ్యాయామము

నడుమునొప్పి యెరుగని వృద్ధులు మనలో అరుదు. ఆ బాధకు నేడు చేయించు వ్యాయామములలో పిలాటీస్ యనునది యొకటి. ఇది యొక మనుష్యుని పేరు.

జోసెఫ్ పిలాటీస్ 1883లో జర్మనీ దేశమున జన్మించెను. బాల్యమున ఉబ్బసముతో బాధపడి, పట్టుదలతో దేహమును గట్టిపరచుకొనెనందురు. మహాయుద్ధమునకు ముందు ఇంగ్లండునకు పోయెను. 1914లో యుద్ధము రాగా, జర్మనుడగుటయే నేరమై, నిర్బంధింపబడి, పిదప మాన్ ద్వీపమందలి నాకలో శిబిరమున చేర్పబడెను. ముండ్లతీగల నడుమ ఇరువదివేలకు పైబడిన జనము. విడుదల యెప్పుడో తెలియదు. అట్టి చోట ముందు కృశించునది దేహమో మనస్సో చెప్పజాలము. అచట అతడు తోడి ఖైదీలచే వ్యాయామము చేయించెను. లేవలేని రోగులు పండుకొనియే కాలుసేతులాడించుటకై మంచములకు స్ప్రింగులు బిగించెనని యొక కథ కలదు. కథలో నిజమెంతయైనను, తరువాత అతడు నిర్మించిన సాధనము మంచమునే పోలియుండును. స్ప్రింగులే దానికి ప్రాణము.

1926లో అమెరికా చేరి, న్యూయార్కు నగరమున క్లారా యను సహచరితో వ్యాయామశాల నెలకొల్పెను. దెబ్బతిన్న నర్తకులు అతనిని వెదకికొని వచ్చిరి. తన పద్ధతికి అతడు పెట్టిన పేరు కంట్రాలజీ, అనగా స్వాధీనవిద్య. కండలు పెంచుట దాని ఉద్దేశము గాదు. ఉదరమును వెన్నును నిలుపు లోపలి కండరములను వశపరచుకొని, ఊపిరితో కదలికను జతపరచి, తొందర లేక చేయవలెను. 1967లో అతడు మరణించెను.

2000 సంవత్సరమున న్యూయార్కులోని ఫెడరల్ న్యాయస్థానము, ఆ పేరు ఏ యొక్కరి సొత్తును గాదని తీర్పు చెప్పెను. ఇక అమెరికాలో ఎవరైనను ఆ పేరు బోర్డుపై వ్రాసికొనవచ్చును; కొద్దివారములు నేర్చినవాడును గురువు కావచ్చును. చిక్కంతయు ఇచటనే కలదు. ఒకరికి తగినది, ఎముకలు గుల్లబారిన అవ్వకు తగకపోవచ్చును. ఆమె నడుమును బలముగా ముందునకు వంచినచో పూసలు చితుకవచ్చును. ఈ విద్యలోనో, అట్టి వంపులు పెక్కు.

ఫలమును గూర్చి అతిశయోక్తులును కలవు. 2015లో కాక్రేన్ సంస్థ ప్రకటించిన సమీక్ష ప్రకారము, నడుమునొప్పి గలవారికి ఏమియు చేయకుండుటకంటె ఇది మేలు. ఇతర వ్యాయామములకంటె మిన్న యనుటకు మాత్రము ఆధారము చాలదు.

ఫిజియోథెరపిస్టు మొదటనే చాప పరువడు. రోగిని నడిపించి చూచును, వంచి చూచును, నొప్పి కాలిలోనికి దిగుచున్నదా యని యడుగును. ఒక్కొక్కప్పుడు, ఈ వ్యాయామము నీకు వలదని పంపివేయును.