వరహూరు గాథయు, తెరమీది దీర్ఘవేదనయు

తంజావూరు మండలమున తిరువయ్యారునకు చేరువనున్న వరహూరు పూర్వనామము భూపతిరాజపురము. కృష్ణలీలాతరంగిణీకర్తయగు నారాయణతీర్థులు ఆంధ్రదేశమునుండి వచ్చి అచ్చట స్థిరపడిరని ప్రసిద్ధి. ఆయనను చిరకాలము ఉదరశూల బాధించెననియు, నడుక్కావేరి ఆలయమున నిద్రింపగా, ఉదయమున తొలుత కంటబడు ప్రాణిని అనుసరింపుమని ఆదేశము కలిగెననియు, వరాహమొకటి ఈ యూరికి చేర్చగా శూల శమించెననియు ఐతిహ్యము. శ్రీకృష్ణజయంతికి నేటికిని ఇచ్చట ఉరియడి ఉత్సవము జరుగును.

ఈ కథను తెరకెక్కించువారికి వరాహము సులభము. కష్టమైనది అంతకుముందరి శూల. ఐతిహ్యమున అది ఒక్క మాటతో ముగియును, రోగికి అట్లు ముగియదు. మూడు మాసములకు మించి నిలిచినది, లేక మరల మరల వచ్చునది దీర్ఘకాలిక వేదనయని నేటి వైద్యశాస్త్ర నిర్వచనము. పైకి గాయము కనబడకపోవచ్చును; నిన్న నడచినవాడు నేడు లేవలేకపోవచ్చును. కనుకనే చూచువారు నటనయని శంకింతురు. నటుడు కడుపు పట్టుకొని కేకవేసినంత మాత్రమున ఇది తెలియదు. విస్తరిముందు జంకుట, నడుమ నడుమ దారిలో చతికిలబడుట, నొప్పిని దాచుకొని పాడుట చూపవలెను.

అమెరికా టెలివిజన్ ధారావాహిక ‘హౌస్’ (2004–2012) ఇందుకు కొంత మేలుబంతి. అందలి వైద్యుని కాలినొప్పి చికిత్సచే ఒకమారు తగ్గియు తిరిగివచ్చును; చేతికర్ర మరల చేతికెక్కును. అయితే మాత్రల వ్యసనమే కథను చాలవరకు ఆక్రమించుట లోపమే. వేదనపడువారందరును వ్యసనపరులు కారు గదా!

తీర్థులవారి స్వస్థత ఐతిహ్యసిద్ధము, దానిని తొలగింప పనిలేదు. శూలతో నడచిన దారికిని కొన్ని దృశ్యములు కేటాయించిన చాలును.